రాక్షసశిఖరము

పర్వతారోహణము సాహసికుల క్రీడ. కాని ఇతర క్రీడలకును దీనికిని ఒక భేదము కలదు. బంతియాటలో ఒకని కాలు బెణికినచో ఆట కొంతసేపు ఆగును. తోడివారు వానిని మైదానము ప్రక్కకు చేర్తురు. అంతలో వైద్యుడు వచ్చును. మహోన్నత పర్వతముపై కాలు తప్పినవానికి వైద్యుడు లేడు, బండి లేదు, బాట లేదు. వానికి ఉన్నదెల్ల నడుమునకు కట్టుకొన్న ఒక త్రాడు, ఆ త్రాటి రెండవ కొనను పట్టుకొనియున్న ఒక మనుష్యుడు. ఆ మనుష్యుడు ఎట్టివాడు అను దానిమీదనే వాని ప్రాణము నిలిచియుండును. 1977వ సంవత్సరమున కారకోరము పర్వతములలో జరిగిన ఒక సంఘటన ఈ విషయమును చక్కగా తెలుపుచున్నది.

కారకోరము పర్వతపంక్తి హిమాలయములకు వాయవ్య దిశయందున్నది. ప్రపంచమున ఎత్తులో రెండవదియైన కె2 శిఖరము ఈ పంక్తిలోనిదే. పాకిస్తాను అధీనమునందున్న బాల్టిస్తాను ప్రాంతమున, బియాఫో అను గొప్ప హిమానీనదమునకు ఉత్తరముగా ఒక శిఖరము నిలిచియున్నది. స్థానికులు దానిని బైంతా బ్రాక్ అందురు. పాశ్చాత్యులు దానికి 'ఓగర్' అని పేరిడిరి. వారి కథలలో మనుష్యులను తిను రాక్షసునకు ఆ పేరు. దాని ఎత్తు 7,285 మీటర్లు. ఎవరెస్టు శిఖరముకంటె ఇది సుమారు 1,560 మీటర్లు తక్కువయే. కాని ఎత్తు తక్కువైనంత మాత్రమున ఎక్కుట సులభమని తలపరాదు. ఎవరెస్టు సామాన్య మార్గమున అధికభాగము మంచువాలుపై నడచి పోవచ్చును. ఓగరు శిఖరాగ్రమో నిట్టనిలువైన గ్రానైటు రాతి గోపురము. మంచుతో నిండిన భుజములమీద ఆ గోపురము కోటబురుజువలె లేచియుండును. దానిని ఎక్కవలెనన్న మంచుపై నడచు నేర్పు చాలదు. రాతి పగుళ్లలో వ్రేళ్లు దూర్చి, ఇనుపమేకులు దిగగొట్టి, గోడపై బల్లివలె ప్రాకవలయును.

1977వ సంవత్సరమున ఆరుగురు బ్రిటిషు ఆరోహకులు ఈ శిఖరమును ఎక్కుటకు వచ్చిరి. వారిలో ఇద్దరు అప్పటికే జగత్ప్రసిద్ధులు. మొదటివాడు డగ్ స్కాట్. ఈతడు 1975వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన డూగల్ హాస్టన్ అను సహచరునితో కూడి, ఎవరెస్టును దాని నైరృతి ముఖమునుండి ఎక్కెను. దిగుచుండగా చీకటి పడుటచే వారిరువురును దక్షిణ శిఖరము దగ్గర మంచులో గుంట త్రవ్వుకొని, నిద్రసంచులు లేకయే, ప్రాణవాయువు నిండుకొన్నపిదప కూడ, రాత్రియంతయు గడపి సజీవులై తిరిగివచ్చిరి. రెండవవాడు క్రిస్ బోనింగ్టన్. ఆ ఎవరెస్టు దండయాత్రకు నాయకుడు ఈతడే. తక్కిన నలుగురు మో ఆంథోయిన్, క్లైవ్ రోలండ్, నిక్ ఎస్ట్‌కోర్ట్, పాల్ బ్రైత్‌వైట్ అనువారు. ఈ మారు వీరికి నాయకుడనువాడు లేడు. అందరును మిత్రులై, సమానులై వచ్చిరి.

యాత్రారంభముననే ఒక విఘ్నము కలిగెను. పైనుండి దొర్లివచ్చిన రాయి బ్రైత్‌వైట్ కాలికి తగిలి, అతడు ఎక్కుటకు వీలులేక పోయెను. బోనింగ్టన్, ఎస్ట్‌కోర్ట్ ఇరువురును ముందుగా ఒక ప్రయత్నము చేసి, ముఖ్యశిఖరమును అందుకొనలేక, మిక్కిలి అలసి మరలివచ్చిరి. ఎస్ట్‌కోర్ట్ ఆరోగ్యము చెడుటచే మరల పోలేకపోయెను. బోనింగ్టన్ కొలదిగా విశ్రమించి స్కాట్, ఆంథోయిన్, రోలండులతో కలిసికొనెను. ఈ నలుగురును పశ్చిమశిఖరమును దాటి, ముఖ్యశిఖరపు రాతిగోపురమునకు దిగువగా మంచులో ఒక గుహ త్రవ్వుకొని, దానిని నివాసముగా చేసికొనిరి.

జూలై 13వ తేదీన స్కాట్, బోనింగ్టన్ ముందుగా బయలుదేరిరి. ఆంథోయిన్, రోలండ్ వారి వెనుక వచ్చిరి. రాతిగోపురము ఊహించినదానికంటె కఠినముగా ఉండెను. ఒకచోట రాతి పగులు పైకి పోక ముగిసిపోయెను. అంతట స్కాట్ ఎత్తున నున్న మేకునుండి త్రాటిపై కొంత దిగి, గడియారపు లోలకమువలె ఊగి, ప్రక్కనున్న మరియొక పగులును అందుకొని ఎక్కెను. ఇట్లు ఒక్కొక్క అడుగునకు కాలము గడచిపోయెను. ఇక తమకు శిఖరమును చేరు వ్యవధి లేదని గ్రహించి, వెనుకనున్న ఇరువురును మంచుగుహకు మరలిరి. ముందున్న ఇరువురు సూర్యాస్తమయ సమయమునకు శిఖరాగ్రమున నిలిచిరి. అంతకు పూర్వము మానవపాదము సోకని శిఖరమది. కాని ఆనందించుటకు తీరిక లేదు. రాత్రి కమ్ముకొనివచ్చుచున్నది, వారియొద్ద నిద్రసంచులు గాని గుడారము గాని లేవు. వెంటనే దిగుటకు ఉద్యుక్తులైరి.

పర్వతారోహకులు నిలువుగోడపై దిగునపుడు ఒక పద్ధతిని అవలంబింతురు. మేకునకు తగిలించిన త్రాడును రెండు కొనలు సమముగా క్రిందికి వ్రేలాడునట్లు విడుతురు. శరీరమున కట్టుకొన్న పట్టీకి ఆ త్రాడును తగిలించి, పాదములను గోడకు ఆనించి, త్రాటిని కొంచెము కొంచెముగా వదలుచు వెనుకకు నడచినట్లు దిగుదురు. క్రిందికి చేరినపిదప ఒక కొనను లాగి త్రాడును తీసికొందురు. త్రాడు నిట్టనిలువుగా ఉన్నంతవరకు ఇందు పెద్ద అపాయము లేదు. ప్రక్కకు జరుగవలసివచ్చినపుడే చిక్కు. పాదము పట్టు తప్పినచో త్రాడు మనుష్యుని తిరిగి నిలువురేఖకు లాగును. ఎంత దూరము ప్రక్కకు జరిగియుండునో అంత విసురుగా అతడు గోడవెంట ఊగిపోవును.

స్కాట్ మొదట దిగుచుండెను. ఎక్కునపుడు వాడిన మేకును చేరుటకు అతడు ప్రక్కకు జరుగవలసివచ్చెను. మసకచీకటిలో గోడకు ఆనించిన అతని పాదము క్రింద సన్ననైన మంచుపొర కలదు. పగటి ఎండకు కరగిన నీరు సాయంకాలపు చలికి అద్దమువలె గట్టిపడినది. పాదము దానిపై జారెను. అతడు త్రాటి కొనయందు లోలకమువలె చీకటిలో ఊగిపోయి, ఎదుటి రాతిగోడకు రెండు పాదములతో తాకెను. త్రాడు తెగలేదు, మేకు ఊడలేదు, ప్రాణము నిలిచెను. కాని కాళ్లు రెండును చీలమండలకు పైన విరిగినవి.

విరిగిన కాళ్లతో త్రాటికి వ్రేలాడుచున్న మనుష్యుని స్థితి ఎట్టిదో ఆలోచింపవలెను. ఆ ఎత్తున గాలిలోని ప్రాణవాయువు సముద్రతీరమునందున్న దానిలో సగముకంటె తక్కువ. అట్టిచోట ఆరోగ్యవంతుడు సయితము పది అడుగులు వేసి నిలిచి ఒగర్చును. ఆరోహకుడు మరియొక ఆరోహకుని మోసికొని నిలువుగోడపై దిగుట అసంభవము. చుట్టుప్రక్కల ఎవ్వరును లేరు. వార్త పంపు సాధనము లేదు. ఆ కాలమున హెలికాప్టరులు అంత ఎత్తునకు వచ్చి మనుష్యులను రక్షింపగల శక్తి గలవి కావు. సాయము చేయగలవారు ఆ పర్వతముపై ముగ్గురే. వారును ఆకలితో, అలసటతో ఉన్నవారే.

బోనింగ్టన్ దిగివచ్చి మిత్రుని చూచెను. కాళ్లు విరిగినవని స్కాట్ చెప్పెను. బోనింగ్టన్ దుఃఖము వెలిబుచ్చలేదు, దోషమెంచలేదు. మృత్యువు ఇంకను చాల దూరమున ఉన్నదనియు, దిగుట ఎట్లో చూతమనియు తేలికగా పలికెను. ఆ మాటకు గల బలము మందునకు లేదు. భయపడినవాని యెదుట భయపడని ముఖమును చూపుటయే మొదటి చికిత్స. ఇరువురును కష్టముతో ఒక మంచు అరుగును చేరి, దానిని చదునుచేసికొని కూర్చుండిరి. తినుటకు ఏమియు లేదు. కప్పుకొనుటకు ఏమియు లేదు. మహాశైత్యములో మనుష్యుని వ్రేళ్లకు రక్తము ప్రసరింపక అవి గడ్డకట్టి చచ్చిపోవును. దీనినే మంచుకాటు అందురు. దానిని తప్పించుకొనుటకు ఒకరి పాదములను మరియొకరు రాచుకొనుచు ఆ రాత్రిని గడపిరి. విరిగిన కాళ్లవాడు కూడ తన మిత్రుని పాదములను రాచుచునే ఉండెను. సాయమనునది ఒక వైపునుండి మాత్రమే ప్రవహించునది కాదు.

తెల్లవారినపిదప మరల త్రాళ్లపై దిగుట ప్రారంభించిరి. త్రాటిపై వ్రేలాడి దిగునపుడు కాళ్లపై భారము అంతగా పడదు. కాని గోడ ముగిసి మంచు వాలు వచ్చినపుడు ఏమి చేయవలెను? లేచి నిలువబోయిన స్కాట్‌కు విరిగిన ఎముకలు ఒరిసికొనుట తెలిసెను. నిలుచుట సాధ్యము కాదు. అంతట అతడు మోకాళ్లపై వంగి, చేతులతోను మోకాళ్లతోను పసిపిల్లవానివలె ప్రాకి చూచెను. ముందుకు పోవుట సాధ్యమాయెను. ఆ క్షణమునుండి అతని ప్రయాణమంతయు మోకాళ్లపైననే సాగెను.

మంచుగుహలో నున్న ఆంథోయిన్, రోలండ్ మిత్రులు రాకుండుట చూచి, వారిని వెదకుచు ఎదురువచ్చిరి. సంగతి తెలిసినపిదప వారు చేసిన పని గమనింపదగినది. శిఖరమును చేరు తమ ఆశను అక్కడనే విడిచిరి. దానిగూర్చి మాట కూడ మాట్లాడలేదు. స్కాట్‌ను గుహకు చేర్చి, వేడి పానీయమిచ్చి, నిద్రసంచిలో పడుకొనబెట్టిరి. వారి లక్ష్యము ఒక్క క్షణములో మారిపోయెను. నిన్నటివరకు లక్ష్యము శిఖరము. నేటినుండి లక్ష్యము మిత్రుడు.

మరునాడే దిగవలెనని తలచిరి. కాని గొప్ప మంచుతుపాను విరుచుకొనిపడెను. గుహవెలుపల అడుగు దూరము కనబడలేదు. రెండు దినములు నలుగురును ఆ గుహలో బంధింపబడిరి. ఉన్న ఆహారము దాదాపు నిండుకొనెను. ఆ ఎత్తున మంచును కరగించుకొననిదే త్రాగుటకు నీరు సయితము దొరకదు. కరగించుటకు ఇంధనము కావలయును. తుపాను ఎన్ని దినములుండునో తెలియదు. గుహలో వేచియున్నచో ఆకలితో మరణము. వెలుపలకు పోయినచో తుపానులో మరణము.

అట్టి సమయమున ఒక ప్రశ్న ఎవరి మనస్సునందైన ఉదయింపవచ్చును. నడువగలవారు ముగ్గురు, నడువలేనివాడు ఒక్కడు. ఒక్కనికొరకు ముగ్గురును నశింపవలెనా? ఆ ముగ్గురును త్వరగా దిగిపోయి సాయము పంపుదుమని చెప్పినచో, లోకము వారిని తప్పుపట్టియుండెడిది కాదేమో. కాని వారి నడవడి ఈ ప్రశ్నకు తావీయలేదు. నలుగురును కలిసియే దిగుటకు నిశ్చయించిరి.

ఇందు ఇంకొక కష్టము కలదు. సామాన్యముగ శిఖరమునుండి దిగువాడు క్రిందికే పోవును. కాని వీరి మార్గము పశ్చిమశిఖరము మీదుగా వచ్చినది. కావున దిగుటకు ముందు మరల పైకి ఎక్కవలసియుండెను. తుపాను పూర్తిగా తగ్గకయే వారు బయలుదేరిరి. రోలండ్ ముందు నడచి, నడుములోతు మంచును త్రొక్కి దారి చేసెను. ఆ గాలిలో దారి త్రొక్కువాని శ్రమ వెనుక వచ్చువాని శ్రమకంటె ఎన్నియో రెట్లు అధికము. అతడు పైకి పోయి త్రాడును బిగించి కట్టును. త్రాటిపై పైకి జరుగునట్లును, క్రిందికి జారక బిగిసికొనునట్లును చేయబడిన లోహపు పట్లు కలవు. స్కాట్ వానిని చేతబట్టి, చేతుల బలముతో తన శరీరమును పైకి లాగుకొనుచు ఎక్కెను. అతడు ఎక్కునంతసేపు మిగిలినవారు గాలిలో నిలిచి కనిపెట్టుకొనియుండిరి.

పశ్చిమశిఖరమును దాటిన తరువాత దిగుడు మార్గము మొదలాయెను. ఆంథోయిన్, రోలండ్ వంతులవారీగా ముందు పోయి మేకులు కొట్టి త్రాళ్లు కట్టుచుండిరి. రాత్రి అయినపుడు మంచులో గుంట త్రవ్వుదురు. తడిసిన నిద్రసంచులలో దూరుదురు. ఉదయమున మరల మంచుగట్టిన జోళ్లలో కాళ్లు దూర్చుదురు. ఇట్టి స్థితిలో రెండవ ప్రమాదము సంభవించెను. బోనింగ్టన్ త్రాటిపై దిగుచుండగా, త్రాటి రెండు కొనలలో ఒకటి పొట్టిగా ఉండుట అతడు గుర్తింపలేదు. పొట్టి కొన పట్టునుండి జారిపోగా అతడు సుమారు ఇరువది అడుగుల దూరము పడి రాతికి కొట్టుకొనెను. రెండు ప్రక్కటెముకలు విరిగినవి. పిదప అతనికి న్యుమోనియా సోకెను. దగ్గినప్పుడెల్ల విరిగిన ఎముకలు పొడిచినట్లు బాధించుచుండెను. అంతవరకు సాయము చేయుచున్నవాడు సాయము కోరవలసినవాడాయెను.

ఇక నలుగురిలో ఆరోగ్యముగా నున్నవారు ఇరువురే. వారికిని ఆహారము లేదు. అయినను పని విభజించుకొనిరి. ఒకరు ముందు పోయి త్రాళ్లు అమర్చుటయు, ఒకరు గాయపడినవారి వెంట నుండి మేకులును ముడులును సరిచూచుటయు వారి పద్ధతి. ఆంథోయిన్ స్వభావముచే హాస్యప్రియుడు. రోలండ్ మితభాషి కాకున్నను కష్టమును గూర్చి మొరపెట్టువాడు కాడు. అలసినవానికి తొందర యెక్కువ. తొందరలో ముడి సరిగా పడదు. ముడి సరిగా పడనిచో నలుగురి ప్రాణములును పోవును. కావున వారు ప్రతి ముడిని నెమ్మదిగా వేసి, ప్రతి మేకును కొట్టి చూచి, ముందుకు సాగిరి. అట్టి పరిస్థితిలో ధైర్యమనగా ఉరుకుట కాదు. చేతికి వచ్చిన చిన్నపనిని తప్పులేకుండ చేయుట.

ఇట్లు గోడలును వాలులును ముగిసి హిమానీనదము చేరిరి. అచ్చటినుండి క్రింది శిబిరము సుమారు నాలుగు మైళ్లు. నడువగలవానికి ఇది పెద్ద దూరము కాదు. స్కాట్ ఈ దూరమంతయు మోకాళ్లమీదనే ప్రాకెను. హిమానీనదమనగా చదునైన మంచుబయలు కాదు. అందు లోతైన పగుళ్లును, వాడియైన రాళ్ల కుప్పలును ఉండును. అతని మోకాళ్లకు తొడిగిన దుస్తులు పొరవెంట పొర చిరిగిపోయి, చర్మము ఒరిసి రక్తము కారెను. కనుచూపుమేర దూరమునంతటిని ఒక్కమారు తలపోసియుండినచో అతని గుండె పగిలియుండెడిది. అందుచే ఎదుటనున్న ఒక రాతిని గురిగా పెట్టుకొని అంతవరకు ప్రాకుట, అచ్చట ఊపిరి తీసికొని మరియొక రాతిని గురిపెట్టుకొనుట, ఇదియే మార్గము. కొండయంత కష్టమును రాయంత రాయంతగా పగులగొట్టుట ఇట్లే.

ప్రమాదము జరిగిన సుమారు ఒక వారమునకు వారు క్రింది శిబిరము చేరిరి. అచ్చట ఎవ్వరును లేరు. ఎస్ట్‌కోర్ట్ ఎన్నియో దినములు కనిపెట్టుకొని చూచి, తుపానులో మిత్రులకు కీడు మూడియుండునని భయపడి, ఒక చీటి వ్రాసియుంచి, సాయముకొరకు క్రింది గ్రామమునకు వెడలియుండెను. అలసి సొలసి వచ్చినవారిని చీటి మాత్రము పలుకరించెను. అయినను శిబిరమున కొంత ఆహారము మిగిలియుండెను. ఆంథోయిన్ ఎక్కువగా విశ్రమింపకయే ఎస్ట్‌కోర్ట్ పోయిన దారిని పట్టి పోయెను. నలుగురును జీవించియున్నారను వార్తను ఆవిధముగ అతడు లోకమునకు అందించెను.

కొలది దినములకు గ్రామములనుండి బాల్టీ కూలీలు వచ్చిరి. వారు సామానులు మోసి జీవించు పేదలు. పర్వతారోహణ గ్రంథములలో వారి పేర్లు సామాన్యముగ కనబడవు. వారు జునిపరు చెట్టు కొయ్యలకు త్రాళ్లు అల్లి, పైన పరుపువలె మెత్తనివి పరచి డోలీ తయారుచేసిరి. స్కాట్‌ను అందులో పరుండబెట్టి మూడు దినములు మోసిరి. దారి రాళ్లగుట్టలమీద పోవుచుండెను. ఒకని కాలు జారినచో డోలీ తలక్రిందగును. కాని వారు అతనిని ఒక్కమారైన పడవేయలేదు. వారిలో ఆజ్ఞాపించు అధికారి ఎవ్వడును లేడు. నది దాటవలసివచ్చినను, వాలు ఎక్కవలసివచ్చినను, నిలిచి తమలో తాము మాట్లాడుకొని, అందరును ఒక మాటకు వచ్చినపిదప కదలుచుండిరి. దీనిని చూచి స్కాట్ ఆశ్చర్యపడెను. ఎక్కడనో పుట్టిన అపరిచితునికొరకు వారు చూపిన శ్రద్ధను అతడు జీవితాంతము మరువలేదు.

మార్గమధ్యమున ఒక హెలికాప్టరు వచ్చి స్కాట్‌ను ఎక్కించుకొని స్కర్దూ పట్టణమునకు తీసికొనిపోయెను. అది దిగునపుడు యంత్రము ఆగిపోయి నేలకు కొట్టుకొనెను. అదృష్టవశమున ఎవరి ప్రాణమునకును అపాయము కలుగలేదు. కాని హెలికాప్టరు చెడిపోవుటచే, బోనింగ్టన్‌ను తీసికొనిపోవుటకు అది తిరిగి రాలేదు. అతడు విరిగిన ప్రక్కటెముకలతో అస్కోలే గ్రామమున సుమారు ఒక వారము పడియుండవలసివచ్చెను. ఎట్టకేలకు అతడును సురక్షితముగ స్వదేశము చేరెను.

స్కాట్ కాళ్లు క్రమముగా అతుకుకొనెను. 1979వ సంవత్సరమున, అనగా రెండేండ్లు మాత్రమే గడచినపిదప, అతడు పీటర్ బోర్డ్‌మన్, జో టాస్కర్ అనువారితో కలిసి ప్రాణవాయువు తిత్తుల సాయము లేకయే కాంచనజంగ శిఖరమును ఎక్కెను. బోనింగ్టన్ 1985వ సంవత్సరమున, తన యేబదియవ యేట, ఎవరెస్టు శిఖరమున నిలిచెను. ఓగరు శిఖరము మాత్రము మరల ఎవ్వరికిని సులభముగా లొంగలేదు. ఎన్నియో బృందములు ప్రయత్నించి మరలిపోయినవి. 2001వ సంవత్సరమున థామస్ హూబర్, ఇవాన్ వుల్ఫ్, ఉర్స్ స్టోకర్ అను మువ్వురు దానిని రెండవమారు ఎక్కిరి. మొదటి ఆరోహణమునకును దీనికిని మధ్య ఇరువదినాలుగు సంవత్సరములు గడచినవి.

ఈ కథ లోకమున వ్యాపించినపుడు, విరిగిన కాళ్లతో పర్వతమునుండి ప్రాకివచ్చిన వీరుడని అందరును స్కాట్‌ను కొనియాడిరి. ఆ పొగడ్తకు అతడు తగినవాడే. కాని ఆంథోయిన్, రోలండుల పేర్లు ఎరిగినవారు తక్కువ. వారు శిఖరమును చేరలేదు. వారి ఎముకలు విరుగలేదు. వార్తాపత్రికలకు గెలిచినవానిని గూర్చియు, గాయపడినవానిని గూర్చియు వ్రాయుట సులభము; త్రాడు కట్టినవానిని గూర్చి వ్రాయుటకు చోటుండదు. అయినను ఆ ఇరువురు లేకున్నచో తక్కిన ఇరువురును ఆ పర్వతముపైననే నిలిచిపోయి యుందురు. స్కాట్ తన రచనలలో వారి సాయమును కృతజ్ఞతతో పేర్కొనెను.

ఉపకారము పొందినవాడు దానిని ఎట్లు తీర్చుకొనును? అందరకును ఉపకారము చేసినవారికే తిరిగి చేయు అవకాశము దొరకదు. స్కాట్ తరువాతి జీవితమున నేపాలు దేశపు కొండపల్లెలకొరకు ఒక సేవాసంస్థను స్థాపించి, అచ్చట పాఠశాలలకును ఆరోగ్యకేంద్రములకును ధనము కూడబెట్టెను. ఊరూర తిరిగి ఉపన్యాసములిచ్చి, ఆ ధనమును సంపాదించెను. బరువులు మోయు కొండవారి కష్టములను అతడు బాగుగా ఎరిగినవాడు. 2020వ సంవత్సరమున, ప్రపంచమంతటను అంటువ్యాధి ప్రబలి జనులు ఇండ్లలో ఉండవలసివచ్చినపుడు, డెబ్బదియెనిమిదేండ్ల వృద్ధుడై, తీవ్రమైన వ్యాధితో బాధపడుచున్నను, పూర్వము ఎవరెస్టుపై ధరించిన దుస్తులు తొడిగికొని తన యింటి మెట్లను ఎక్కి, ఆ సంస్థకు విరాళములు సమకూర్చెను. ఆ సంవత్సరము డిసెంబరు మాసమున అతడు మరణించెను.

ఓగరు శిఖరముపై ఆ వారము దినములలో ఎవ్వడును ఒంటరిగా బ్రదుకలేదు. తన మోకాళ్లపై తాను ప్రాకవలసినవాడు స్కాటే. ఆ పని మరియొకడు అతనికి బదులుగా చేయజాలడు. కాని అతడు ప్రాకుటకు దారి త్రొక్కినవాడు ఒకడు, త్రాడు కట్టినవాడు ఒకడు, చలిరాత్రి పాదములు రాచినవాడు ఒకడు, చివరకు భుజముపై మోసినవారు పేరు తెలియని పల్లెవారు. ఆపదలో పడినవాడు తన ప్రయత్నమును మానరాదు. తోడివారు వానిని విడువరాదు. ఈ రెండును కలిసినపుడు రాక్షసశిఖరము కూడ మనుష్యులను మ్రింగలేక విడిచిపెట్టెను.